ఎనిమిది వందల ల్యూమెన్ల అబద్ధం

ఉనైసి నన్ను మొదటిసారి చూసినప్పుడు నేను నిలువునా తడిసి ఉన్నాను. నా నెత్తి మీదున్న అట్టపెట్టె మాత్రం పొడిగా ఉంది. మా దీవుల రాజధాని సువా వర్షంలో మనిషి తడిస్తే ఆరుతాడు, సరుకు తడిస్తే ఆరదు అని మా బాస్ డన్‌స్టన్ సిద్ధాంతం. అందుకని నా రెయిన్‌కోటు పెట్టెకి తొడిగి, వాలు బే అనే పేట రోడ్డంతా మోసుకొచ్చాను.

దీపాలు కొలిచే పరీక్షాశాలలో కుర్చీలో కూర్చున్న ఉనైసి నా ముఖం వంక చూడలేదు. పెట్టె మీదున్న అంకె వంక చూసింది.

"ఎనిమిది వందల ల్యూమెన్లా?" అంది.

"అవునండీ."

"ఎవరు కొలిచారు? అచ్చేసినవాడా?"

నేను సదరన్ గ్లో అనే సోలార్ దీపాల కంపెనీకి ప్రతినిధిని. పేరు ఎమోరి. ఇస్త్రీ చేసిన సులు, అంటే మా వైపు లుంగీ, పైన చొక్కాకి టై, జేబులో విజిటింగ్ కార్డులు. అంత హంగు ఉన్నవాణ్ణి ఎవరూ అలా పలకరించలేదు అప్పటిదాకా. దీవుల్లో ఉన్న నర్సింగ్ స్టేషన్లకి దీపాలు సప్లై చేసే టెండర్ నడుస్తోందనీ, వెలుగు కొలిచినట్టు సర్టిఫికెట్ కావాలనీ, అది ఇవాళే ఇస్తే సంతోషమనీ చెప్పాను. ఆమె నా సంతోషం సంగతి పట్టించుకోకుండా ఒక ఫారం నా ముందుకి తోసింది.

గది మధ్యలో ఒక పెద్ద గోళం ఉంది. నా ఛాతీ దాకా వస్తుంది. పుచ్చకాయ కోసినట్టు రెండుగా తెరుచుకుంటుంది. లోపలంతా తెల్లటి పూత. దీపాన్ని మధ్యలో వేలాడదీసి మూసేస్తే, అది ఏ మూలకి వెలుగు చిమ్మినా ఆ తెల్లగోడల మీద పడి, మళ్లీ మళ్లీ తిరిగి, అంతా ఒకటే కాంతి అయిపోతుంది. గోడలో చిన్న కన్నొకటి దాన్ని లెక్కపెడుతుంది. ల్యూమెన్లంటే ఆ లెక్కే. అట్టపెట్టె ఎంత గొప్పలు పోయినా ఆ కన్నుకి చదవడం రాదు.

ఫారంలో సొంత ఊరు అన్నచోట నాతలోవా, కడావు దీవి అని రాశాను. ఆమె అది చదివి మొదటిసారి తలెత్తింది. ఆమెది రేవా నది ఒడ్డున వైతాలే.

మా రెండూళ్లదీ తౌవు వరస. మూలపురుషుల కాలం నుంచి వస్తున్న వేళాకోళం. వాళ్లు మమ్మల్ని ఎంత మాటన్నా మేం కోపం తెచ్చుకోకూడదు, మేమన్నా వాళ్లు తెచ్చుకోకూడదు. బావామరదళ్ల సరసాన్ని ఊరుమొత్తానికి పంచిపెట్టినట్టు ఉంటుంది.

"ఓహో, నాతలోవా వాడివా నువ్వు," అంది. మర్యాద అక్కడే, ఆ ఫారం మీదే అయిపోయింది. "మీ ఊళ్లో మధ్యాహ్నం కూడా గోడ పట్టుకుని నడుస్తారని మా తాత చెప్పేవాడు. నువ్వు దీపాలమ్ముతున్నావంటే ముచ్చటేస్తోంది."

"మీ వైతాలేవాళ్లు బురదలోంచి ఎప్పుడు బయటికొచ్చారు?" అన్నాను, నేనూ వరస చెడగొట్టకుండా.

"నీ దీపం నిలకడ పడటానికి అరగంట వెలగాలి. అప్పుడే కొలుస్తాను. ఈలోగా ఆ బల్ల కింద కూర్చుని టై పిండుకో."

గంట తర్వాత అంకె వచ్చింది. రెండు వందల ఎనభై నాలుగు. నేను మిషన్ చెడిపోయిందన్నాను. ఇంకో దీపం పెట్టింది. రెండు వందల డెబ్భై తొమ్మిది. మూడోది పెట్టబోతుంటే వద్దన్నాను.

"మంచి పని చేశావు," అంది. "ఇంకో నాలుగు కొలిస్తే మీ కంపెనీయే నాకు వెలుగు బాకీ పడేది."

ఆఫీసుకెళ్లి చెబితే డన్‌స్టన్ నవ్వాడు. డన్‌స్టన్ నవ్వు చాలా వెలుగుతుంది. ఆయన అమ్మే వస్తువుల్లో ఆ గుణమున్నది అదొక్కటే. ఎవరో పాతకాలపు గోళం పెట్టుకుని కూర్చున్న అమ్మాయి మాట ఎందుకు లెక్కచెయ్యాలన్నాడు. లంచ్‌కి తీసుకెళ్లు, కాస్త కబుర్లు చెప్పు, నీది చూడ్డానికి బాగుండే ముఖమేగా అన్నాడు.

నేను అంత తెలివైనవాణ్ణి కాదు గనక వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మా బాస్ నిన్ను లంచ్‌కి తీసుకెళ్లి మంచి చేసుకోమన్నాడని.

ఉనైసి పెన్ను కింద పెట్టింది. "ఆ మాట నాకు చెప్పమని కూడా ఆయనే చెప్పాడా?"

"లేదు. అది నా సొంత తెలివి."

"అనుకున్నాను. అంత తెలివితక్కువతనం బయటినుంచి తెప్పించలేం." బ్యాగు తీసుకుంది. "పద. నా తిండి నేనే కొనుక్కుంటాను. నువ్వు ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పు. ఎలా మంచి చేసుకుంటావో చూడాలని ఉంది."

మార్కెట్ వెనక బెంచీ మీద కూర్చుని కొబ్బరిపాలలో ఉడికిన చేప, కర్రపెండలం తిన్నాం. నేను కబుర్లు చెప్పాను. ఆమె ముల్లు తీసుకుంటూ వింది. చివర్లో, నీ కబుర్లు కూడా ఆ పెట్టెమీద అంకె లాంటివే, మూడో వంతు తీసుకుంటే సరిపోతుంది అని చెప్పి వెళ్లిపోయింది. ఆ రోజంతా నాకు పని మీద ధ్యాస లేదు. కోపం వల్ల అనుకున్నాను.

ఆమె తప్పు పట్టుకోవాలన్న పంతం వచ్చేసింది నాకు. మూడు రోజులు యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని వెలుగు కొలవడం గురించి దొరికిందల్లా చదివాను. డిప్లొమా చదివే రోజుల్లో కూడా అంత చదవలేదు. నాలుగోరోజు ఆమె గది తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్లాను.

"నా దీపం రంగేంటి?" అని అడిగాను.

"నలుపు. మనసు కూడా అంతే."

"నల్ల ప్లాస్టిక్కు, పైన నల్ల సోలార్ పలక. గోళంలో తిరిగే వెలుగుని అదే కొంత మింగేస్తుంది. ఎంత మింగిందో కొలిచి దాన్ని మళ్లీ కలపాలి. దానికి గోడకి ఇంకో చిన్న దీపం ఉండాలి. నీ గోళంలో ఆ చోటు ఖాళీగా ఉంది."

ఆ చిన్నదీపం పోయినేడు మాడిపోయిందట. కొత్తది తెప్పించమని కాగితం పెట్టిందట, కాగితం ఎక్కడో ఆగిందట. కొలిచేవన్నీ చిన్న దీపాలే కదా, పెద్ద తేడా రాదులే అనుకుందట. 'అనుకున్నాను' అన్న మాట ఆమె నోట రావడం ఎంత కష్టమైందో నాకు కనబడింది. నేను మాత్రం నెగ్గినవాడి ముఖం పెట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ముఖాన్ని పట్టుకుని గోళంలో పెట్టి మూసెయ్యాలనిపిస్తుంది.

పక్క లాబ్ నుంచి తగిన బల్బు అడిగి తెచ్చింది. అది ఒక్కటే వెలిగించి, గోళం ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, ఆర్పేసిన నా దీపం లోపల వేలాడుతున్నప్పుడు ఎంత అని కొలిచింది. నూటికి పన్నెండు పాళ్లు తేడా. నా దీపం అంకె మూడు వందల ఇరవై రెండయింది.

"అభినందనలు," అంది. "ఎనిమిది వందలకి ఇంకా నాలుగు వందల డెబ్భై ఎనిమిది మాత్రమే తక్కువ."

అని నవ్వలేదు. బీరువా తెరిచి పాత ఫైళ్లు తీసి నేలమీద పరుచుకుని కూర్చుంది. పోయినేడాది నుంచి కొలిచినవన్నీ ఒక్కొక్కటే తిప్పింది. దాదాపు అన్నీ తెల్లరంగువే, వెలుగుని అంతగా మింగనివి. ఒక ఫైలు దగ్గర ఆగిపోయింది. నౌసోరిలో రామ్‌రతి అనే ఆవిడ షాపు. నల్ల దీపాలు. చెప్పుకున్నది మూడు వందలు. నూటికి పది తగ్గినా పాస్ చేస్తారు, అంటే రెండు వందల డెబ్భై రావాలి. ఉనైసి కొలిచింది రెండు వందల యాభై రెండు. ఫెయిల్ అని ఎర్ర ముద్ర కొట్టింది. నమూనా దీపం ఇంకా అరలోనే ఉంది. మళ్లీ కొలిచింది. రెండు వందల ఎనభై.

"నిజం చెప్పే దీపాన్ని అబద్ధాలకోరన్నాను," అంది ఫైలుతో.

ఆ మర్నాడు నౌసోరి బస్సెక్కింది. ఉత్తరం పంపితే సరిపోతుంది కదా అన్నాను. ముద్ర చేత్తో కొట్టాను, మాట నోటితో చెప్పాలి అంది. నేనెందుకు వెంట వెళ్లానో నాకు సరిగా తెలియదు. తప్పు పట్టుకున్నవాణ్ణి కాబట్టి సాక్ష్యానికని చెప్పాను. ఆమె నమ్మినట్టు కనబడలేదు, దిగిపొమ్మనీ అనలేదు.

దారంతా వర్షం. బస్సు కిటికీలకి టార్పాలిన్లు దించేశారు. మా పక్కది చిరిగి ఉంది, జల్లంతా నా భుజం మీదే. ఇటు జరుగు అంది. జరిగాను. మరీ అంత కాదు అంది.

రామ్‌రతికి అరవై దాటి ఉంటాయి. కౌంటర్ వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉనైసి చెప్పిందంతా చివరిదాకా వింది. తర్వాత మొదలుపెట్టింది. ఎనిమిది నెలల కింద తను స్వయంగా దీపం పట్టుకొస్తే ఈ పిల్ల కూర్చోమని కూడా అనలేదంది. ఇంత చదువు, ఇంత పెద్ద గోళం, ఒక చిన్న బల్బు లేదని తెలుసుకోవడానికి ఏడాది పట్టిందా అంది. ఊళ్లో జనం తనని దొంగసరుకు మనిషన్నారంది. ఉనైసి ఒక్క మాటకీ అడ్డు చెప్పలేదు. నా ముందు అంత పొగరుగా ఉండే మనిషి, చేతులు ముందు కట్టుకుని, తిట్టు తిట్టుకీ తలూపుతూ నిలబడింది.

తిట్టడం అయ్యాక రామ్‌రతి టీ ఇచ్చింది. "పాస్ అని నువ్విచ్చిన ఈ కొత్త కాగితం గోడకి తగిలిస్తాను. పాతది కూడా పక్కనే ఉంచుతాను," అంది. "నువ్వు వచ్చి చెప్పావు బేటీ. అది కూడా జనానికి తెలియాలి." తర్వాత నా వైపు తిరిగింది. "ఈ టై అబ్బాయెవరు?"

"నా తప్పు కనిపెట్టినవాడు," అంది ఉనైసి. అందులో వెటకారం లేదు. అది విని నేను టీతో నాలుక కాల్చుకున్నాను.

తిరుగు బస్సులో, ఎనిమిది వందల ల్యూమెన్లని చెప్పుకునే ఈ దీపాలు ఇదివరకే ఎక్కడైనా అమ్మావా అని అడిగింది.

అమ్మలేదు, ఇచ్చాను అన్నాను. మా ఊరి నర్సింగ్ స్టేషన్‌కి. మా లొసాలిని మేనత్త అక్కడ నర్సు. పోయినేడు ఆరు దీపాలు కంపెనీ తరఫున నేనే పడవలో తీసుకెళ్లాను. ఊరు ఊరంతా కూర్చోబెట్టి విందు చేశారు. స్పీచ్ కూడా ఇచ్చాను. అదంతా కాస్త గర్వంగానే చెబుతున్నాననుకుంటా.

"అవి ఎంత వెలుగుతాయో తెలిసి ఎన్నాళ్లయింది నీకు?"

"వారం."

"అత్తకి చెప్పావా?"

నేను టార్పాలిన్ వంక చూశాను.

"నేను పది పాళ్లకి నౌసోరి వచ్చాను, ఎమోరీ. నీది అరవై పాళ్లు. ఆ దీపం కింద మీ అత్త కాన్పులు చేస్తోంది." నా వైపు తిరిగి, "ఇది తౌవు మాట కాదు. దీనికి నువ్వు కోపం తెచ్చుకోవచ్చు," అంది.

తెచ్చుకోలేదు. తెచ్చుకోవడానికి ఏదీ మిగల్లేదు.

మర్నాడు డన్‌స్టన్ దగ్గరికెళ్లి, ఇచ్చిన దీపాలన్నీ వెనక్కి తీసుకుని మంచివి ఇద్దామన్నాను. ఆయన ఆలోచించినట్టు నటించాడు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో 'వరకు' అని చేర్చుదాం అన్నాడు. ఎనిమిది వందల వరకు. మూడు వందలు కూడా ఎనిమిది వందల లోపలే కదా. జీతం నెలకి వెయ్యి డాలర్ల 'వరకు' అని రాస్తే మీకు ఎలా ఉంటుందని అడిగాను. ఆ సాయంత్రానికి నాకు ఉద్యోగం లేదు. టై కూడా ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాను, దానిమీద కంపెనీ బొమ్మ ఉంది.

చివరి జీతంతో దీపాలు కొందామని రామ్‌రతి షాపుకి వెళ్లాను. ఎందుకో ఎవరికో అంతా రాబట్టింది. నిజంగా ఎనిమిది వందలు వెలిగే పెద్ద దీపాలు ఆరు కట్టించి ఇచ్చి, డబ్బు ముట్టుకోకుండా, కడావు నుంచి రాగానే షాపులో పనికి రమ్మంది. "అబద్ధం చెప్పడం రానివాడు సేల్స్‌మన్‌గా పనికిరాడు. రిపేర్లు చేద్దువుగాని," అంది.

నాతలోవాలో పడవ దిగి నేరుగా స్టేషన్‌కి వెళ్లాను. అత్త గుడ్డలు మడతపెడుతోంది. దారి పొడుగునా తయారుచేసుకున్న మాటలన్నీ మర్చిపోయి, అత్తా, నేనిచ్చిన దీపాలు మోసం, అవి చెప్పినంత వెలగవు అన్నాను.

అత్త మడతపెట్టడం ఆపలేదు.

"మాకు కళ్లు లేవనుకున్నావా?" అంది. "మొదటి రోజే తెలిసింది. కుట్లు వేసేటప్పుడు టార్చిలైటు పళ్లతో పట్టుకుంటున్నాను. ఊళ్లో అందరికీ తెలుసు."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"మన పిల్లాడు మోసుకొచ్చాడు కదా అని."

గుమ్మంలో కూలబడ్డాను. ఏడాదిపాటు ఊరంతా నా పరువు కోసం చీకట్లో కూర్చుంది. డన్‌స్టన్ మీద, అట్టపెట్టె మీద, ప్రపంచం మీద నాకున్న వెక్కిరింత అంతా ఆ క్షణాన నా మీదికే తిరిగింది. అత్త కొత్త దీపం వెలిగించి, కాన్పుల బల్ల మీద పట్టుకుని, అరచెయ్యి గీతలు చూసుకుంది. ఇది నయం అంది. తర్వాత అడిగింది, నీ అంతట నువ్వు ఇలా వచ్చి చెప్పేవాడివి కాదు, ఎవరు చెప్పించారు అని.

వైతాలే అమ్మాయి అన్నాను.

"తౌవు పిల్లా?" అత్త మొదటిసారి నవ్వింది. "ఏమని తిట్టిందేం?"

ఒక్కొక్కటే చెప్పాను. గంట పట్టింది. అన్నీ గుర్తున్నాయా అని అడిగింది అత్త. అన్నీ గుర్తున్నాయి.

సువా వచ్చాక ఉనైసికి జరిగింది చెప్పాను. పళ్లతో టార్చిలైటు దగ్గరికి వచ్చేసరికి ఆమె నా చెయ్యి పట్టుకుంది, కాసేపు వదల్లేదు. అప్పటినుంచి శనివారాలు నౌసోరి వచ్చేది. షాపు వెనక కూర్చుని విరిగిన దీపాలు విప్పి చూసేవాళ్లం. నా సోల్డరింగ్ పని చూస్తే ఏడుపొస్తోందనేది. పక్కనే కూర్చుని టిన్ను తీగ అందించేది. మూడు శనివారాలు ఆమెని ఒక మాట అడుగుదామనుకున్నాను. మూడుసార్లూ బ్యాటరీల గురించి అడిగాను.

నాలుగో శనివారం ఆమె రాలేదు. పది గంటలప్పుడు ఫోన్ వచ్చింది. షాపు రేకుల మీద వర్షం దంచుతోంది.

"మీ అత్త మా ఇంట్లో ఉంది," అంది ఉనైసి.

"ఎవరి అత్త?"

"లొసాలిని అత్త. మీ పెదనాన్నతో, ఇంకో నలుగురితో వైతాలే వచ్చింది. తిమింగలం పన్ను తెచ్చారు. మా మామయ్య ముందు పెట్టి మాట్లాడుతున్నారు."

మావాళ్లలో ఆడపిల్ల ఇంటికి పెద్దలు తిమింగలం పన్ను తెస్తే పిల్లనడగడానికే తెస్తారు. నా చేతిలో సోల్డరింగ్ కడ్డీ బల్లని కాలుస్తోందని రామ్‌రతి చెప్పాక గానీ తెలియలేదు.

"నాకేం తెలియదు ఉనైసీ. ఒట్టు."

"తెలుసు. నీకు తెలిసుంటే ఇంకో ఆరు నెలలు పట్టేది." గొంతు తగ్గించింది. "ఒక చిక్కొచ్చింది. మా మామయ్య పన్ను చేతిలో పట్టుకుని, తీసుకోమంటావా అన్నట్టు నా వంక చూస్తున్నాడు. నన్నింకా ఎవరూ అడగలేదు. అడగాల్సినవాడు బ్యాటరీల గురించి అడుగుతున్నాడు."

అడిగాను. మామూలు గొంతుతోనే అడిగాను.

"వినబడలేదు. వర్షం."

మళ్లీ అడిగాను, గట్టిగా. కొబ్బరినూనె కొనడానికి వచ్చిన ఇద్దరాడవాళ్లు ఆగిపోయారు. రామ్‌రతి స్టూలు దిగింది.

"మొత్తం చెప్పు. పేరుతో సహా."

"నాతలోవా ఎమోరి వైతాలే ఉనైసిని పెళ్లి చేసుకుంటావా అని అడుగుతున్నాడు," అని అరిచాను. "ఉద్యోగం చిన్నది. తెలివి అంతంతమాత్రం. నీకు తెలుసు, కొలిచావు."

ఫోన్ ఎక్కడో పెట్టినట్టు చప్పుడయింది. చాప మీద ఎవరో నడిచారు. ఒక ముసలిగొంతు ఏదో అడిగింది, ఉనైసి గొంతు చాలా చిన్నగా ఏదో చెప్పింది. ఆ తర్వాత అరచేతులు గుల్లచేసి కొట్టే చప్పట్లు వినిపించాయి, ఒక్కసారిగా, చాలామందివి. పన్ను తీసుకున్నాకే అలా కొడతారు.

రామ్‌రతి కళ్లతోనే ఏమైందని అడిగింది. ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టాను.